పొద్దుటి బన్ను

తార్నాక,
9 జూన్ 2024, ఆదివారం.

చెల్లెమ్మ లిడియాకు,

అన్నయ్య ఎలీషా వందనాలు. గుడిలో ఆరాధన ముగించుకుని వచ్చి, చొక్కా కూడా మార్చకుండా కూర్చుని రాస్తున్నాను. ఫోనులో క్షేమం, ఉత్తరంలో సంగతులు అని నాన్నగారు పెట్టిన రూలు మనిద్దరం తప్ప ఈ లోకంలో ఎవరైనా పాటిస్తున్నారా అని నాకు అనుమానం. ఈమధ్య ఫోనులో ఆ క్షేమం కూడా సరిగ్గా చెప్పలేకపోతున్నాను. గొంతు బొంగురుపోయింది. ఇక్కడ ఏడాది పొడుగునా ఏదో ఒక రోడ్డు తవ్వుతూనే ఉంటారు, ఆ దుమ్మంతా నా గొంతులోకే వచ్చినట్టుంది.

అసలు సంగతి వేరే ఉంది. నీ అన్నయ్య యాభై ఎనిమిదో ఏట కుర్రాడైపోయాడు. మెట్రో స్టేషన్ దగ్గర కొత్తగా బర్గర్ హోటల్ తెరిచారు. నేను పనిచేసే యూనివర్సిటీ లైబ్రరీలో పొద్దస్తమానం కూర్చుని పీహెచ్‌డీ చేసే ప్రణీత్ అనే అబ్బాయి ఉన్నాడు, జనగామ వైపు వాడు. "సార్, ఎప్పుడు జూసినా గా ఇడ్లీలేనా? ఒక్కపారి గిది తినుండ్రి" అని నన్ను లాక్కుపోయాడు. గుడ్డూ చీజూ పెట్టిన మెత్తటి బన్ను, దాంతో పెద్ద గ్లాసు నిండా చల్లటి పాల షేకు. బన్నును షేకులో ముంచుకుంటే నమిలే పనే లేదు. తనంతట తనే లోపలికి జారిపోతుంది. పక్క బల్ల మీది ఆడపిల్లలు నన్ను చూసి నవ్వుకున్నారు. నవ్వుకోనీ. అప్పటినుంచి రోజూ పొద్దున్నే అక్కడికే పోతున్నాను.

హబ్సిగూడ టిఫిన్ సెంటర్ వాడు ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నాడు. వాడి గారెలకు నేను పాతికేళ్ల ఖాతాదారుణ్ణి కదా. ఎందుకో ఈమధ్య గారెలూ పెసరట్లూ సయించడం లేదు. మా ఇంటి ఓనరమ్మ ఉప్పలమ్మ కూడా "ఏంది సారూ, పొద్దుగాల్నే ఐస్‌క్రీం తాగుతున్నరంట?" అని ఆరా తీసింది. ఈ పేటలో ఏదీ దాగదు.

నీ ఆసుపత్రి కబుర్లు రాయి.

ఎలీషా


నరసాపురం,
23 జూన్ 2024, ఆదివారం.

అన్నయ్యకు,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. ఇరవై ఏళ్లుగా ఈ ఆసుపత్రిలో ఏం తినాలో, ఏం తినకూడదో జనానికి చెప్పి పంపిస్తున్నాను. పక్క జిల్లాల నుంచి కూడా వస్తారు. సొంత అన్నయ్య మాత్రం బన్నును మిల్క్‌షేకులో ముంచుకుని తింటాడు.

ఆ కంపెనీ వాళ్లే ఫోనులో పెట్టిన పోషకాల పట్టిక తీసి చూశాను. ఆ ఒక్క పూట తిండిలో మనిషికి రోజంతటికీ చాలే ఉప్పులో దగ్గర దగ్గర సగం ఉంది. షేకులో పది చెంచాల పంచదార. బన్ను తెల్లటి మైదా. చీజు గురించి నేనేమీ అనను, అంటే మాట తూలుతుంది. పీచు అన్నది దుర్భిణీ వేసి వెతికినా దొరకదు. నీకు బీపీ ఉంది. షుగరు గడప దగ్గర నిలబడి ఉంది. అమ్మ షుగరుతోనే పోయింది, నువ్వూ నేనూ చెరోవైపు కూర్చుని చూశాం. కరుణ వదిన పోయాక నీకు నేను తప్ప ఎవరూ లేరు, నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. నువ్వు కూడా ఆ దారి పడితే నేనేం కావాలి?

కాబట్టి రేపటినుంచి పొద్దున్న కొర్రల ఉప్మా, లేకపోతే మొలకెత్తిన పెసలు. రాత్రికి జొన్నరొట్టె. ఉప్పలమ్మగారు రొట్టెలు బాగా చేస్తారని నువ్వే రాశావుగా, ఆవిడనే అడుగు. సాయంత్రం జామకాయ, గింజలతో సహా. షేకు అన్న మాట నీ నోట వినపడకూడదు.

ఇక్కడ మా క్వార్టర్స్ వెనక కాలువ నిండింది. గుడిలో పాటల బృందానికి నన్ను పెద్దను చేశారు. నా గొంతు నీకు తెలుసు కదా, వాళ్ల ఖర్మ.

లిడియా


తార్నాక,
7 జులై 2024, ఆదివారం.

చెల్లెమ్మకు,

నీ ఆజ్ఞ తలదాల్చాను, అంటే ప్రయత్నించాను. జొన్నరొట్టె మొదటి ముక్కకే పొలమారింది. కళ్లలో నీళ్లు తిరిగి, దగ్గి దగ్గి కుర్చీలో కూలబడ్డాను. ఉప్పలమ్మ పరుగెత్తుకొచ్చి వీపు మీద చరిచింది. "మీ కోస్తోళ్లకు రొట్టె తినుడు రాదు సారూ. పాలల్ల నానవెట్టిస్త, తినుండ్రి" అంది. నానబెట్టినా అంతే. మొలకలైతే గొంతులో ఎక్కడో ఒకచోట కూర్చుని లేవనంటాయి.

నువ్వు రాసిన పట్టిక అబద్ధమని నేనను. కానీ బన్ను తిన్న రోజు నాకు హాయిగా ఉంటుంది లిడియా. ఆకలి తీరినట్టు ఉంటుంది. లైబ్రరీ మెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతాను. నీ పట్టికలో ఆ హాయికి ఒక గడి ఉందేమో చూసి చెప్పు.

క్యాంపస్‌లో వానలకు గడ్డి మోకాళ్లదాకా పెరిగింది. ఆర్ట్స్ కాలేజీ ముందు పొద్దున్నే నడిచేవాళ్లు తగ్గారు. ప్రణీత్ థీసిస్ ఇంకా మూడో అధ్యాయంలోనే ఉంది. నన్ను చూసినప్పుడల్లా "సార్, పోదామా?" అని బన్ను వైపు సైగ చేస్తాడు. ఎంతకని ఆగను?

ఎలీషా


నరసాపురం,
21 జులై 2024, ఆదివారం.

అన్నయ్యకు,

చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి వచ్చేది నీకు. ఇప్పుడు జొన్నరొట్టె ఎగ్గొట్టడానికి దగ్గు వస్తోంది. నాన్నగారు లేరు కాబట్టి బెత్తం నేనే పట్టుకోవాలి.

నువ్వడిగిన హాయి ఏమిటో చెబుతాను. పంచదార, ఉప్పు, కొవ్వు మూడూ కొలత ప్రకారం కలిపితే మెదడుకు వచ్చే మత్తు అది. మా దగ్గరికి వచ్చేవాళ్లంతా ఇదే మాట చెబుతారు, అమ్మా, అది తింటేనే ఒంట్లో సత్తువ ఉంటుందని. సారా తాగేవాళ్లూ ఇదే చెబుతారు. పీచు తినడం అలవాటు లేని గొంతు మొదట్లో మొండికేస్తుంది. నెమ్మదిగా, బాగా నమిలి తిను, అదే దారికొస్తుంది.

ప్రణీత్ నంబరు సంపాదించి వాడితో కూడా మాట్లాడాను. నిన్ను మళ్లీ ఆ హోటలుకు తీసుకెళితే బాగుండదని చెప్పాను. భయపడ్డాడు పాపం, "సరే మేడమ్, తీస్కపోను" అన్నాడు.

ఇంకొక్క మాట. నువ్వు ఆ బన్ను మానేశానని రాసేదాకా నా దగ్గర్నుంచి ఆదివారం ఉత్తరం రాదు. ఫోనూ రాదు. బన్నో నేనో తేల్చుకో.

లిడియా


తార్నాక,
18 ఆగస్టు 2024, ఆదివారం.

చెల్లెమ్మకు,

నువ్వే. ఇందులో తేల్చుకోవడానికేముంది?

బన్ను మానేసి మూడు వారాలు దాటింది. ఆ హోటలు ఉన్న వైపు కూడా నడవడం లేదు, మాణికేశ్వర్ నగర్ మీదుగా చుట్టు తిరిగి క్యాంపస్‌లోకి వెళుతున్నాను. పొద్దున్న నీ కొర్రల ఉప్మాయే. తినడానికి చాలాసేపు పడుతోంది. ప్రతి ముద్దకీ ఒక గుక్కెడు నీళ్లు తాగాలి. కూర్చుంటే దిగదు, లేచి నిలబడితే కాస్త దిగుతుంది. నిలబడి తింటుంటే ఉప్పలమ్మ వింతగా చూస్తోంది. కొన్నాళ్లు పోతే అలవాటవుతుందన్నావుగా, చూద్దాం.

నువ్వు అడక్కముందే ఫోటో పంపుతున్నాను. ఆర్ట్స్ కాలేజీ ముందు ప్రణీత్ తీశాడు. ప్యాంటు జారిపోకుండా బెల్టుకు కొత్తగా బెజ్జాలు పెట్టించాను. నిరుడు మే నెలలో నువ్వొచ్చినప్పుడు తీసిన ఫోటోతో పోల్చి చూసుకో.

నువ్వు రాయకపోతే ఆదివారం మధ్యాహ్నాలు గడవడం లేదు. ఇక రాయి.

ఎలీషా


నరసాపురం,
1 సెప్టెంబర్ 2024, ఆదివారం.

మా మంచి అన్నయ్యకు,

శభాష్. ఫోటో చూసి నా కళ్లు నేనే నమ్మలేదు. పొట్ట పోయింది, బుగ్గలు పోయాయి, అచ్చం కాలేజీ రోజుల్లో ఉన్నట్టున్నావు. చూశావా, మొండికేసినా చివరికి చెల్లెలి మాటే నెగ్గింది. నెమ్మదిగా తింటున్నానని రాశావు చూడు, ఆ ముక్క చదివి మరీ సంతోషించాను. అందరికీ నేను నెత్తీనోరూ బాదుకుని చెప్పేది అదే.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను, కోప్పడకు. ఈ వారం మా ఆసుపత్రిలో పోషకాహార వారోత్సవాలు. హాలు గోడ మీద నీ ఫోటోలు రెండూ పక్కపక్కన అతికించాను, నిరుటిదీ ఇప్పటిదీ. కింద "ఫాస్ట్‌ఫుడ్ ఫలహారం మానేసిన మా అన్నయ్య" అని పెద్ద అక్షరాలతో రాశాను. ఇవాళ మొదటి రోజు. ఊళ్లోని ఆడవాళ్లంతా వచ్చి చూశారు. నేను నిలబడి కథంతా చెబితే చప్పట్లు కొట్టారు. నాకెంత గర్వంగా ఉందో మాటల్లో చెప్పలేను.

ఇదే పట్టు మీద ఉండు. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు నీకు కొత్త ప్యాంట్లు కుట్టిస్తాను.

లిడియా


నరసాపురం,
18 సెప్టెంబర్ 2024.

అన్నయ్యా,

ఇవాళ ఆదివారం కాదు. నిన్న హైదరాబాద్‌లో రైలెక్కేముందు నీతో చెప్పాలనుకున్నవి చెప్పలేకపోయాను. సెలవు కాగితం ఇచ్చి, క్వార్టర్‌కు తాళం వేసుకుని వారంలోగా వచ్చేస్తాను. ఈలోగా ఇది చదువు.

పోయిన వారం ఉప్పలమ్మగారు ఫోను చేసినప్పుడు నేను ఆసుపత్రిలో ఎవరికో రాగిజావ ఎలా కాయాలో చెబుతున్నాను. "నీ అన్న నీళ్లు మింగినా బయటికే వస్తున్నయి తల్లీ. నువ్వు కోప్పడ్తవని చెప్తలేడు. చిక్కి సగమైండు. గా రొట్టెలు నేనింక జెయ్య, నా చేతులు ఆడ్తలెవ్వు" అంది. ఆవిడ మాట పూర్తికాకముందే నాకు నీ ఉత్తరాలన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆ అర్థమయ్యేదేదో జూన్‌లో కాకూడదా?

స్కానింగ్ చేసిన డాక్టరు అన్నవాహికలో గడ్డ ఉందని చెప్పి, మింగడం ఎప్పటినుంచి కష్టంగా ఉందని అడిగాడు. వేసవి నుంచి అని నువ్వు మెల్లగా చెప్పావు. అప్పుడే వచ్చి ఉంటే కోసి తీసేసేవాళ్లం, ఇప్పుడు కరెంటు, అదే రేడియేషన్, పెట్టి చూడాలి అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మీరేం చేస్తుంటారమ్మా?" అని మర్యాదగానే అడిగాడు. నేను చెప్పాను. ఆయన తలూపి మళ్లీ నీ రిపోర్టు వైపు తిరిగాడు. తిట్టి ఉంటే బాగుండేది.

బయట అక్కడి డైటీషియన్, నా శిష్యురాలంత వయసు అమ్మాయి, నాకొక కాగితం ఇచ్చింది. ఏది దిగితే అది పెట్టండి మేడమ్, మిల్క్‌షేక్ మంచిది, మెత్తటి బ్రెడ్డు పాలలో ముంచి పెట్టండి, ఇప్పుడు ఈయనకు కేలరీలే ముఖ్యం అంది. నువ్వు ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వు కనిపెట్టుకుని తింటున్నది అదే. ఆ కొవ్వూ ఆ పంచదారే నిన్ను నిలబెట్టాయి. నేను వాటిని లాగేసి, దిగని రొట్టెను నీ చేతిలో పెట్టాను.

గారెలంటే ప్రాణం పెట్టే మనిషి గారెలు ఎందుకు మానేశాడు? ముక్కూ మొహం తెలియని రోగిని కూడా నేను మొట్టమొదట అడిగే ప్రశ్న ఇది. నిన్ను అడగలేదు. దిగడం లేదని నువ్వు నాలుగు రకాలుగా రాశావు, నాలుగుసార్లూ నేను కేలరీలే చదివాను. బరువు తగ్గావని చప్పట్లు కొట్టించాను అన్నయ్యా. రాగానే ఆ ఫోటోలు గోడ మీద నుంచి తీసేశాను. ఆయా మాత్రం "మీ అన్నగారు ఇంకెంత తగ్గారమ్మా?" అని అడిగింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. కాలింది నా చేతులు కావు, అదే నా బాధ.

లిడియా


తార్నాక,
22 సెప్టెంబర్ 2024, ఆదివారం.

లిడియాకు,

నువ్వు బయల్దేరేలోపు అందుతుందని కొరియర్‌లో పంపుతున్నాను.

పర్వాలేదు చెల్లెమ్మా అని రాద్దామని కూర్చున్నాను. చేయి రాలేదు. నాకు కోపం వచ్చింది. జొన్నరొట్టెకు కాదు, ఫోటోకూ కాదు. బన్నో నేనో తేల్చుకో అన్నావు చూడు, ఆ మాటకు వచ్చింది. గొంతు దిగని ముద్ద ఒకటి పెట్టుకుని, నీ ఉత్తరం లేకుండా కూర్చున్న ఆ నాలుగు ఆదివారాలు నాకు చాలా కష్టంగా గడిచాయి. ఇది నీకు చెప్పకపోతే మన మధ్య ఎప్పటికీ ఉండిపోతుంది, అందుకే రాస్తున్నాను.

అయితే తప్పంతా నువ్వే మూటగట్టుకోవద్దు. నాకు అనుమానం ఉంది. డాక్టరు దగ్గరికి వెళితే దానికి ఏదో ఒక పేరు పెడతాడని భయం. బన్ను దిగినన్నాళ్లూ నాకేమీ లేదని నన్ను నేను నమ్మించుకున్నాను. తిండి మీద హాస్యాలాడుతూ నీకు ఉత్తరాలు రాశాను. ఒక్కచోట సూటిగా, లిడియా, నాకు మింగుడు పడటం లేదు, భయంగా ఉంది అని రాసి ఉంటే నువ్వు మర్నాటికి ఇక్కడ ఉండేదానివి. రాయలేదు. నీ దగ్గర పెద్దవాణ్ణిగానే ఉండాలన్న యావ.

నిన్న ప్రణీత్ వచ్చాడు. "మేడమ్ ఇప్పుడు తినొచ్చన్నరంట గద సార్" అని బండి మీద ఎక్కించుకుని హోటలుకు తీసుకెళ్లాడు. బన్ను దిగలేదు లిడియా. షేకులో నానబెట్టినా దిగలేదు. షేకు మాత్రం సగం దిగింది. వాడు నా వైపు చూడకుండా కిటికీ లోంచి మెట్రో వైపు చూస్తూ కూర్చున్నాడు.

వచ్చేయి. కాగితం మీద పోట్లాడుకున్నది చాలు.

అన్నయ్య


తార్నాక,
17 నవంబర్ 2024, ఆదివారం.

లిడియాకు,

ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేమిటని నవ్వకు. మాట్లాడితే దగ్గు తెరలు ఆగడం లేదు, డాక్టరు నోరు కట్టేశాడు. పైగా ఆదివారం.

కడుపుకు గొట్టం పెట్టిన దగ్గర్నుంచీ గమనిస్తున్నాను. పోసే ప్రతి గ్లాసుకూ నాకు లెక్క చెబుతున్నావు. ఇందులో ప్రొటీను ఇంత, ఇందులో కేలరీలు ఇన్ని, నిన్నటికంటే ఇంత ఎక్కువ అని. ఎందుకు చెబుతున్నావో నాకు తెలుసు. ఎంత పోసినా జులై, ఆగస్టు నెలలు నిండవమ్మా.

మొన్న తలుపు బయట డాక్టరు నీతో అన్న మాట విన్నాను. వచ్చే వేసవి దాకా అయితే చెప్పగలను, ఆపైన చెప్పలేను అన్నాడు. నా గొంతు పాడైంది గానీ చెవులు బాగానే ఉన్నాయి. నువ్వు లోపలికొచ్చి, అంతా బాగుందన్నాడని చెప్పావు. ఇద్దరం ఒకరి దగ్గర ఒకరు దాచుకుని ఇంతదాకా వచ్చాం. ఇక వద్దు.

ఒక మాట అడుగుతాను, నొచ్చుకోకు. జూన్ నుంచి నన్ను చాలా తినమన్నావు, చాలా తినొద్దన్నావు. అన్నయ్యా, నీకేం తినాలనుంది అని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

ఎలీషా


అదే రోజు, వంటగదిలోంచి.

అన్నయ్యా,

నీకేం తినాలనుంది?

లిడియా


నీ కాగితం వెనకే రాస్తున్నాను.

చేపల పులుసు. మన అమ్మ చేసినట్టు, మామిడికాయ ముక్కలేసి.

నేను తినలేనని నాకు తెలుసు. నువ్వు వచ్చినప్పటి నుంచి వంటగది తలుపు దగ్గరికేసుకుని, నాకు కనపడకుండా, పచ్చడి మెతుకులు తింటున్నావని ఉప్పలమ్మ చెప్పింది. చిక్కిపోయావు. అది నాకు ఫోటోలో చూడక్కర్లేదు, ఎదురుగానే కనిపిస్తోంది. రేపు ప్రణీత్‌ను పంపి చేప తెప్పించు. పులుసు కాచుకుని, కంచం ఇక్కడికి తెచ్చుకుని, నా మంచం పక్కన కూర్చుని కడుపునిండా తిను. నేను చూస్తాను.

ముళ్లు చూసుకుని, నెమ్మదిగా తిను.

అన్నయ్య